రంగస్థలమునకు పాట వ్రాయదలచిన యువకులు

వేసవి వచ్చినదనిన మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ద్రౌపదమ్మ గుళ్ల యొద్ద భారతోత్సవములు ఆరంభమగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. తుదినాడు నేలపై మట్టితో తీర్చిన దుర్యోధనుని ప్రతిమ యొద్ద వధ ఘట్టము జరుగును. ఇందరు వినెడి ఈ పాటలను వ్రాసినదెవరని అడిగినచో గ్రామమున చెప్పగలవారు అరుదు. పాత వ్రాతప్రతులు చిరిగిపోవుచున్నవి. క్రొత్తగా వ్రాయగోరు యువకునకు దారి చూపువారును లేరు.

ఈ విద్య మన సీమకు క్రొత్త కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని తరిగొండలో 1730లో జన్మించి, తిరుమలలో నివసించి, 1817లో పరమపదించిన వెంగమాంబ శివనాటకము, రుక్మిణీ నాటకము, చెంచు నాటకము మొదలగు యక్షగానములను రచించినది. తాను గురువు కడ చదువుకొనలేదని ఆమెయే చెప్పుకొన్నది. కావున పట్టా లేదని ఎవరును వెనుకాడ నక్కరలేదు. అయినను రంగస్థలము నెరుగక వ్రాసిన పాట రంగమున నిలువదు.

మేము చూచిన యొక గ్రామమున కళాశాల విద్యార్థి యొకడు అర్జునునకు ప్రవేశపు దరువు వ్రాసినాడు. భాష చక్కనిదే. కాని అడుగులు వేయుచు పాడవలసిన వేషధారి ఆ దీర్ఘ సమాసముల నడుమ ఊపిరి చాలక నిలిచిపోయెను. జనులు నవ్విరి. యువకుడు సిగ్గుపడియు ఊరు విడిచిపోలేదు; మరునాటి నుండి మద్దెల వాయించు వృద్ధుని ప్రక్కన కూర్చుండి వినసాగెను. తాళపు దెబ్బ పడుచోట తేలికగా పలుకు అక్షరము నుంచుట, వంతపాటవారు అందుకొనుటకు పల్లవిని చిన్నదిగా కూర్చుట, చరణము తుదిని నటుని అడుగులకు ఎడమిచ్చుట, తెర తీయకముందే వచ్చునది ఎవరో తెలియజేయుట, ఇవన్నియు అచటనే గ్రహించెను. కథ నడుపుటకు ద్విపద పనికివచ్చును. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గల ఆ ఛందస్సును నెల దినములలో పట్టుపరచుకొనవచ్చును. మరుసటి యేట అదే వేషధారి అతని దరువును రెండుమారులు పాడినాడు.

ఇట్టి యువకుని ఆదరించుట పంచాయతీ సభ్యుల పనియేనా యని కొందరు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు సూచించిన 29 విషయములలో సాంస్కృతిక కార్యకలాపములు 21వది. ఖర్చును పెద్దది కాదు. ఉత్సవమునకు రెండు నెలల ముందు నాటక బృందపు పెద్దను, వ్రాయగోరు వారిని ఒకచోట కూర్చుండబెట్టవలెను. ఆ యేటికి ఒక్క ఘట్టమునకు మాత్రమే క్రొత్త పాటలు వ్రాయించి, అభ్యాసమునందు విని దిద్దించవలెను. పాత ప్రతులకు నకలు తీయించి పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను. ఆట మొదలగుటకు ముందు, వేషధారుల పేర్లతోపాటు పాట వ్రాసినవాని పేరును ప్రకటింపవలెను.