నాలుగుమాట్లు తీసిన నెత్తురు

సుమ్మాదేవి స్టేషన్లో ప్యాసింజరు దిగి, జీడితోటల్లోంచి సైకిలు తొక్కుకుంటూ ఊళ్లు తిరిగిన ఆరోగ్య కార్యకర్తని నేను. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధనకని విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, ఢిల్లీ నుంచి, అమెరికా నుంచి ఎవరొచ్చినా ఇళ్లు చూపించిందీ ఐసుపెట్టె మోసిందీ నాలాంటివాళ్లమే. రిటైరయ్యాను. ఇప్పుడు మనవడు అలాంటి పరిశోధన చదువులోనే చేరి, "తాతా, నీకు తెలిసింది రాసిపెట్టు" అన్నాడు. రాశాను. వరస బాగోకపోతే వాడే సర్దుకుంటాడు.

1. సూది తీసేముందు, నీకంటే ముందు ఎవరొచ్చారో అడుగు.

కవిటి వైపు ఒక ముసలమ్మ నా ఎదురుగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాలుగుమాట్లు లాగీసారు బావు, ఏటి తేలింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ నాలుగు బృందాలకీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు. నెత్తురుతోపాటు ఒకరు నీళ్లు పట్టుకెళ్లారు, ఒకరు మట్టి, ఒకరు బియ్యం, ఇంకొకరు ఒట్టి నెత్తురే. నీళ్లిచ్చిన నుయ్యి ఒక ఊరిది, నెత్తురిచ్చిన మనిషిది ఇంకో ఊరు. రెండూ ఒక పుస్తకంలో పక్కపక్కన పడితే కదా ఏదన్నా తేలడానికి!

2. తూకంరాయి అందరిదీ ఒకటే ఉండాలి.

పలాస బజార్లో జీడిపిక్కలు అమ్మేవాడికి ఇది చెప్పక్కర్లేదు. చదువుకున్నవాళ్లకే చెప్పాల్సొచ్చింది. నెత్తురులో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె ఒకే మనిషికి ఒకే వారంలో ఒక ల్యాబులో 1.3, మరో ల్యాబులో 1.7 రావడం నేను చూశాను. పైగా ఎండలో పొద్దల్లా తోటపని చేసి వచ్చినవాడికి ఆ పూటకి అంకె పెరగొచ్చు. అందుకే మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేశాకే దీర్ఘకాలిక జబ్బని రాయాలి. మా కాలంలో ఒక్క క్యాంపుతోనే లెక్క తేల్చేసిన వాళ్లున్నారు. ఆ లెక్కలే పేపర్లకెక్కాయి, వాటిని చూసి పిల్లలకి సంబంధాలు తప్పిపోయిన ఇళ్లూ ఉన్నాయి.

ఏళ్ల తరబడి ఈ జబ్బు వెంటపడిన డాక్టర్ రవిరాజు బృందం 2019లో అచ్చేసిన సర్వేలో 2,210 మందిని చూశారు. 18 శాతం మందికి కిడ్నీ జబ్బుంది. వాళ్లలో 73 శాతం మందిలో షుగరు, పాతబడ్డ బీపీ లాంటి తెలిసిన కారణమేదీ దొరకలేదు. ఇలాంటి జబ్బే శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరుకు కూలీలకీ ఉంది. ఆ దేశాల అంకెల్ని మన అంకెల పక్కన పెట్టి చూడాలంటే అందరూ ఒకే పద్ధతిలో కొలవాలి కదా. అలాంటి పద్ధతినొకదాన్ని లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ వాళ్లు మరికొందరితో కలిసి తయారుచేశారు, పేరు 'డిగ్రీ'. అది ఇరవై ఏళ్ల ముందే ఉండుంటే నా సైకిలు టైర్లు కొన్ని మిగిలేవి.

3. దోషిని ముందే ఖాయం చేసుకుని ఊళ్లోకి రాకు.

నీళ్ల శాస్త్రం చదివినవాడికి నీళ్లలోనే కనిపిస్తుంది, పురుగుమందుల వాడికి మందుల్లోనే. ఒకాయన సిలికా అంటే, ఒకాయన వేడి అన్నారు, ఇంకొకాయన నొప్పి బిళ్లలన్నారు. అందరూ కొంత నిజం చెప్పి ఉండొచ్చు.

యూరప్ కథొకటి చెప్తాను. డాన్యూబు ఉపనదుల ఒడ్డున, ఇప్పటి సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, బల్గేరియా, రొమేనియాల్లో కొన్ని ఊళ్లలోనే రైతులకి కిడ్నీలు పాడయ్యేవి. 1950ల్లోనే వైద్యులు గుర్తించారు. ఎవరి దేశంలో వాళ్లు వెతికారు. నీళ్లన్నారు, బూజన్నారు, వంశపారంపర్యమన్నారు. తాళంచెవి ఆ ఊళ్లలో దొరకలేదు, బెల్జియంలో దొరికింది. బరువు తగ్గడానికని మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లకి కిడ్నీలు పోయాయని 1993లో బ్రస్సెల్స్ వైద్యులు బయటపెట్టారు. అందులో కలిసిన మొక్క మన ఈశ్వరి చెట్టు కుటుంబంలోదే. అదే కుటుంబం మొక్క ఆ డాన్యూబు ఊళ్ల గోధుమ చేలల్లో కలుపుగా పెరిగి, గింజలు పిండిలో కలిసేవి. అది తింటే ప్రమాదమని 1960ల చివర్లోనే ఒకాయన అన్నా ఎక్కువమంది పట్టించుకోలేదు. క్రొయేషియా వాళ్లూ న్యూయార్కు వాళ్లూ కలిసి రోగుల శరీరంలో ఆ మొక్క విషం ఆనవాళ్లు చూపించేసరికి 2007 వచ్చింది. బ్రస్సెల్స్ కాగితం చదవకుండా ఎవరి నుయ్యిని వాళ్లే తోడుకుంటూ కూర్చుని ఉంటే ఇంకెన్నేళ్లు పట్టేదో.

మన జబ్బూ అదేనని నేననడం లేదు. పక్కింటివాడు అచ్చేసింది చదవమంటున్నాను.

4. జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోకు.

ఉద్దానం లెక్క ఇచ్ఛాపురంతో ముగుస్తుంది, జబ్బు ముగియదు. ఒడిశాలో కటక్ జిల్లా నరసింగపూర్, బడంబ, ఛత్తీస్‌గఢ్‌లో సుపేబెడా, మన రాష్ట్రంలోనే ఎ.కొండూరు తండాలు. వీళ్లందరి లెక్కలూ ఒకచోట కూర్చి చూడమని ఎన్ని మీటింగుల్లో అన్నానో! టీ తాగి లేచిపోయేవారు.

5. ఫలితం చెప్పడానికి మళ్లీ రా.

నెత్తురు తీసుకోడానికి జీపులో వచ్చి, ఫలితాన్ని ఇంగ్లీషు పత్రికలో వేసుకుంటే, ఐదోమాటు ఎవరు చెయ్యి చాపుతారు?

6. కారణం తేలేదాకా చేతులు కట్టుకోకు.

హిరమండలం జలాశయం నీళ్లు గొట్టాల్లో ఉద్దానానికొచ్చాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. డయాలసిస్‌కి విశాఖ పోవాల్సిన రోజులు చూసినవాణ్ణి, దీన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ కొత్త నీళ్లు తాగిన ఊళ్లలో పదేళ్లకి ఏమవుతుందో ఇప్పట్నుంచే రాసుకోవాలి. రాయకపోతే ఆ ప్రశ్న కూడా పోతుంది.

నేను తిరిగిన ఊళ్లలో ఏ నుయ్యి ఎప్పుడు తవ్వారో, ఏ బోరింగు ఎప్పుడు పడిందో, ఏది ఎప్పుడు పూడ్చారో రాసుకున్న నోటుబుక్కులు నా ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఏ సంస్థ వాళ్లయినా రావచ్చు, కాపీ తీసుకోవచ్చు. మీరు కొలిచినదాని కాపీ ఒకటి ఆ పెట్టెలో పెట్టి వెళ్లండి.