అనుభవము గల డ్రైవర్లకు మరల శిక్షణ అవసరమా?

మన గ్రామములలో నేడు ఎడ్లబండ్ల కంటె మోటారు వాహనములే ఎక్కువగా కనబడుచున్నవి. ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిలు, పాఠశాల బస్సు, ధాన్యము తరలించు లారీ లేనిదే గ్రామ జీవనము సాగుట లేదు. వీనిని నడుపువారిలో పెక్కుమంది పది, ఇరువది సంవత్సరముల అనుభవము గలవారు. అట్టివారికి మరల శిక్షణ ఇప్పింపవలెనని ఎవరైన సూచించినచో, “ఇన్నేండ్లుగా బండి నడుపుచున్నాను, నాకు క్రొత్తగా నేర్పవలసిన దేమున్నది?” అను ప్రశ్న వెంటనే వచ్చును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. శిక్షణకు రుసుము చెల్లింపవలెను. ఒకటి రెండు దినముల సంపాదన పోవును. కనుక దాని వలన కలుగు ప్రయోజన మెంత యని విచారించుట న్యాయమే.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు సుమారు 460 మంది. ఈ మరణములలో మూడింట రెండు వంతులు గ్రామ ప్రాంతములలోనే సంభవించినవి. కావున ఇది పట్టణముల వారు మాత్రమే ఆలోచింపవలసిన సమస్య కాదు.

అనుభవము నేర్పునది, నేర్పనిది

అనుభవము వలన చేయి కుదురును. గేరు మార్చుట, బండిని ఇరుకు సందులో త్రిప్పుట, బరువుతో గట్టు ఎక్కించుట మొదలగునవి అలవాటుచే సులభమగును. కాని అనుభవము అన్ని తప్పులను దిద్దజాలదు. రైతు విత్తనములు లోతుగా నాటినచో కొలది దినములలో మొలక చెప్పును, తప్పు తెలియును. డ్రైవరు మలుపు వద్ద ముందు బండిని దాటిపోయినచో నూటికి తొంబది తొమ్మిది సార్లు ఏమియు జరుగదు. ఎదుట ఎవరును రాకపోవుట చేత తప్పించుకొన్న సంగతిని అతడు తన నేర్పుగా భావించును. ఈ విధముగా తప్పు అలవాటే సంవత్సరముల కొలది బలపడును. ఇరువది యేండ్ల అనుభవమనునది ఒక్కొక్కప్పుడు ఒకే తప్పును ఇరువది యేండ్లు చేయుట కావచ్చును.

పరిశీలనలు చెప్పునది

మరి శిక్షణ ఈ తప్పులను దిద్దునా? ఇందును గూర్చి ఇతర దేశములలో జరిగిన పరిశీలనలు శిక్షణను గూర్చి గొప్ప ఆశలు కల్పించుట లేదు. లైసెన్సు పొందిన తరువాత ఇచ్చు శిక్షణను గూర్చిన 24 ప్రయోగములను, మూడు లక్షలకు పైబడిన డ్రైవర్ల వివరములను కలిపి చూచిన ఒక సమీక్ష 2003లో వెలువడినది. ఇందలి ప్రయోగములు చాల వరకు అమెరికాలో జరిగినవి. శిక్షణ వలన ప్రమాదములు తగ్గినవని చెప్పుటకు తగిన ఆధారము లభింపలేదని అందు తేలినది.

నార్వే దేశపు అనుభవము మరింత ఆలోచింపదగినది. అచ్చట 1979లో క్రొత్త డ్రైవర్లకు రెండవ దశ శిక్షణను ప్రవేశపెట్టి, జారు రోడ్డుపై బండిని అదుపు చేయుట నేర్పిరి. తరువాత పరిశీలింపగా, ఆ శిక్షణ పొందిన యువకులలో ప్రమాదములు తగ్గుటకు బదులు పెరిగినట్లు కనుగొనిరి. బండి జారినను నిలుపగలమను ధైర్యము కలిగి, వారు జారుచోట వేగము తగ్గింపకుండుటయే ఇందులకు కారణమని నిపుణులు భావించిరి. జాగ్రత్తను పెంపక సాహసమును మాత్రమే పెంచు విద్య కీడు చేయునని దీనివలన గ్రహింపవలెను.

స్వీడను దేశములోని టెలిఫోను సంస్థలో జరిగి 1996లో వెలువడిన ప్రయోగము మరియొక మార్గమును చూపినది. అందు డ్రైవర్లను గుంపులుగా విభజించి, ఒక గుంపునకు నడపుటలో శిక్షణ, ఒక గుంపునకు బహుమతులు, ఒక గుంపునకు ప్రచారము, మరియొక గుంపునకు తమలో తాము కూర్చుండి ప్రమాదములను గూర్చి చర్చించుకొను అవకాశము కల్పించిరి. అన్నింటి కంటె ఎక్కువ మేలు చేసినది ఈ చర్చయే. తమ తప్పులను తామే గుర్తించి, తామే నిర్ణయించుకొన్న నియమమును మనుష్యుడు ఎక్కువగా పాటించును గదా!

నిజముగా నేర్వదగిన విషయములు

దీనిని బట్టి శిక్షణ వ్యర్థమని తలపరాదు. ఏమి నేర్పుదురు అనునదే ముఖ్యము. అనుభవజ్ఞులకు సహితము తెలియని, లేక మరచిన విషయములు కొన్ని కలవు.

మొదటిది, ఆగు దూరము. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 10 మీటర్లు సాగును. అపాయమును చూచి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టుననుకొన్నచో అప్పటికే 10 మీటర్లు గడచును. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినను మరి 10 మీటర్లు పోయి ఆగును. మొత్తము 20 మీటర్లు. అదే బండి 72 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో బ్రేకు వేయులోపల 20 మీటర్లు, వేసిన తరువాత 40 మీటర్లు, మొత్తము 60 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిమ్మట సాగు దూరము నాలుగింతలగును. రోడ్డు తడిసినను, టైర్లు అరిగినను ఇది ఇంకను పెరుగును. ఈ లెక్క తెలియకయే ఏండ్ల తరబడి బండ్లు నడుపువారు పలువురు కలరు.

రెండవది, ట్రాక్టరు బ్రేకులు. పొలములో మలుపు త్రిప్పుటకు అనుకూలముగా ట్రాక్టరునకు కుడి ఎడమ చక్రములకు వేరు వేరు బ్రేకు పెడళ్ళు అమర్తురు. రోడ్డెక్కునపుడు ఈ రెండింటిని కలుపు గొళ్ళెమును తప్పక వేయవలెను. అట్లు వేయక వేగముగా పోవుచు ఒక పెడలును మాత్రమే త్రొక్కినచో ట్రాక్టరు ఒక ప్రక్కకు లాగి బోల్తా పడును. ట్రాలీకి బరువెత్తి పల్లమునకు దిగునపుడు న్యూట్రలులో వదలుట కూడ ప్రాణాపాయము. వెనుక బరువు ముందున్న ట్రాక్టరును త్రోయును.

మూడవది, క్రొత్త యంత్రములు. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి.కి మించిన క్రొత్త మోటారు సైకిళ్ళకు ఎ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరి యైనవి. పాత బండ్లపై చక్రము పట్టివేయకుండ బ్రేకును మాటిమాటికి వదలి నొక్కుట మంచిదని పూర్వము నేర్చినవారు, ఎ.బి.ఎస్. ఉన్న బండిపై గట్టిగా నొక్కి పట్టుటయే సరియైన పద్ధతి యని తెలిసికొనవలెను. ముందు బ్రేకు వేసినచో బండి తలక్రిందులగునను భయముతో వెనుక బ్రేకునే నమ్ముకొనువారు పెక్కుమంది. ఆగుటకు ఎక్కువ బలము ముందు చక్రము నుండియే వచ్చును. రెంటిని కలిపి వాడుట నేర్వవలెను.

నాలుగవది, కంటి చూపు. వయస్సు మీరిన కొలది రాత్రి వేళ ఎదుటి దీపముల కాంతికి కనులు చెదరుట హెచ్చగును. శుక్లము కూడ మెల్లమెల్లగా వచ్చుట చేత గుర్తింపరాదు. నలుబది యేండ్లు దాటినవారు లైసెన్సు కొరకు వైద్యుని ధ్రువపత్రము సమర్పింపవలెనను నిబంధన ఉద్దేశ మిదియే. దానిని కాగితపు తంతుగా భావింపరాదు.

చట్టము ఏమనుచున్నది?

ప్రమాదకర పదార్థములను రవాణా చేయు డ్రైవర్లు లైసెన్సు పునరుద్ధరించుకొనునపుడు ఒక దినపు పునశ్చరణ శిక్షణ పొందవలెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, లైసెన్సు సస్పెండైనవారు పునశ్చరణ శిక్షణ ముగించిన పిమ్మటనే దానిని తిరిగి పొందుదురు. ప్రమాదములో గాయపడినవారికి సద్బుద్ధితో సాయము చేయువారికి ఈ సవరణచే రక్షణ కల్పింపబడినది. కావున రక్తస్రావమును ఆపుట, 108కి ఫోను చేయుట మొదలగు ప్రథమ చికిత్సా విషయములు కూడ శిక్షణలో భాగము కావలెను.

పంచాయతీ చేయదగినది

డ్రైవర్లను శిక్షణకు పంపదలచినపుడు, అచ్చట ఏమి నేర్పుదురో ముందుగా విచారింపవలెను. బండిని వేగముగా త్రిప్పుట, జారునపుడు నిలుపుట మాత్రమే నేర్పు శిక్షణకు డబ్బు వెచ్చింపనక్కరలేదు. దూరము నుండియే అపాయమును గుర్తించుట, వేగము తగ్గించుట, మధ్య దూరము పాటించుట నేర్పి, శిక్షకుడు ప్రక్కన కూర్చుండి ఒక్కొక్కరి తప్పులను చూపు శిక్షణ మేలైనది. అందరిని ఒక్కసారి పంపుట సాధ్యము కానిచో పాఠశాల పిల్లలను, కూలీలను తీసికొనిపోవు డ్రైవర్లకు ప్రాధాన్య మీయవలెను.

అంతకు మించి, ఖర్చు లేని పని యొకటి కలదు. మూడు మాసముల కొకసారి గ్రామములోని డ్రైవర్లను పంచాయతీ కార్యాలయములో సమావేశపరచి, తృటిలో తప్పిన ప్రమాదములను వారి చేతనే చెప్పింపవలెను. ఎవరిని నిందింపరాదు, కేసుల మాట ఎత్తరాదు. అట్టి చర్చలో ఏ మలుపు వద్ద తుమ్మకొమ్మ అడ్డుగా నున్నదో, ఎచ్చట దీపము లేదో, రోడ్డుపై ధాన్యము ఆరబోయుట వలన ఏ చోట బండ్లు జారుచున్నవో తెలియును. వీనిలో చాల వరకు పంచాయతీయే చక్కదిద్దగలదు. చీకటిలో వెనుక దీపము లేక పోవు ట్రాలీలకు ఎఱ్ఱని ప్రతిఫలన పట్టీలు అంటించుటకు అయ్యెడు వ్యయము స్వల్పము. దానివలన నిలుచు ప్రాణములు అమూల్యములు.

కనుక అనుభవజ్ఞులకు శిక్షణ అవసరమా అను ప్రశ్నకు, మంచి శిక్షణ అవసరమే యనియు, అది ఒక్కటే చాలదనియు సమాధానము చెప్పవలెను. తన నేర్పును చూపుటకు గాక తన తప్పును తెలిసికొనుటకు వెళ్ళు డ్రైవరునకు ఒక దినపు పాఠమైనను లాభించును. అట్టి వినయమును గ్రామములో పెంపొందించుట పంచాయతీ సభ్యుల బాధ్యత. సభ్యులు తాము మోటారు సైకిలు ఎక్కునపుడు శిరస్త్రాణము ధరించి ఈ పనికి ప్రారంభము చేయవచ్చును.