మహారాణి ఇంటికి పోతున్న బిడ్డకు

సూర్యాపేట

బుజ్జీ,

ఈ సెలవులో జోసెఫిన్ మహారాణి ఉన్న ఇల్లు చూసొస్తానని రాశావు. సంతోషం. ముప్పయ్యేళ్లు బడిలో నెపోలియన్ పాఠం చెప్పినదాన్ని, నాలుగు ముక్కలు చెప్పకుండా ఊరుకోలేను. విసుక్కోకు.

మంగళవారం పోకు, మూసి ఉంటుంది. పారిస్ నుంచి లా దెఫాన్స్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. ఇంటి పేరు మాల్మెజోఁ, అంటే చెడ్డ ఇల్లు. ఆ పేరు పెట్టుకున్న ఇంటిని మనవాళ్లయితే ఊరికే ఇచ్చినా కొనరు. ఆమె మాత్రం 1799లో, మొగుడు ఈజిప్టు యుద్ధంలో ఉండగా, అప్పు చేసి మరీ కొన్నది. తిరిగొచ్చిన నెపోలియన్ ఖర్చు చూసి మండిపడ్డాడు. తర్వాత ఆ ఇంట్లోనే కూర్చుని రాజ్య వ్యవహారాలు నడిపాడు! కింద డేరాలాగా గుడ్డతో అలంకరించిన సమావేశాల గది అప్పటిదే.

దాన్ని చూసేసి మేడ మీదికి పో. హంసలు చెక్కిన బంగారు పూత మంచం ఉంటుంది. అక్కడ కాసేపు నిలబడు. మొదటి పెళ్లి బిడ్డలు ఇద్దరున్న మనిషిని, తనకు వారసుణ్ణి కనలేదని 1809 డిసెంబరులో నెపోలియన్ వదిలేశాడు. మహారాణి బిరుదూ ఈ ఇల్లూ ఆమెకే ఉంచాడు. పిల్లలు లేరని కోడల్ని పుట్టింటికి పంపిన ఇళ్లు మిర్యాలగూడలో మా వీధిలోనే ఉండేవి. ఆ కోడళ్లకు ఈమెలాగా గులాబీ తోటలెక్కడివి? జోసెఫిన్ 1814 మే 29న ఈ ఇంట్లోనే పోయింది.

గులాబీలు చూసి మురిసిపో, తప్పులేదు. కానీ ఆమె పుట్టిల్లు మార్టినిక్ ద్వీపంలో, బానిసల చేత చెరకు పండించిన తోటలో అని మరిచిపోకు. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ నిలబెట్టాడు. అందులో ఆమె మాట ఎంత అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. మార్టినిక్ జనం తేల్చేశారు. ఆమె విగ్రహం తల 1991లో నరికేశారు, మొండెం 2020లో కూల్చేశారు.

ఇంకొక పేరు అక్కడ తప్పకుండా వెతుకు: దానియెల్ ఇఫ్లా ఒసిరిస్. రాజవంశపు మనిషి కాదు, బ్యాంకు వ్యాపారి. పాడుబడ్డ ఆ ఇంటిని 1896లో కొని, బాగుచేయించి, 1904లో ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ఆయనే లేకపోతే నువ్వు చూసేది ఏముంది? మన దిక్కు చూడు. నెపోలియన్ కత్తి పిడిలో మెరిసి, తర్వాతి కాలపు మహారాణి యూజెనీ తలకెక్కిన రీజెంట్ వజ్రం, మన కోదాడ దిగువన కృష్ణ అవతలి ఒడ్డు కొల్లూరు గనిది. వజ్రం లూవ్ర్ సొత్తయింది. కొల్లూరు పులిచింతల నీళ్ల కిందికి పోయింది.

జోసెఫిన్ గదిలాగా, మన కాకతీయ రాణి రుద్రమదేవి పడకగది ఇదీ అని చూపించడానికి ఓరుగల్లులో ఏమీ మిగల్లేదు. ఆమె పోయిన సంగతి చెప్పే రాయి మాత్రం నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చి వేయించిన శాసనం. అది బయటపడకముందు ఆమె 1295 దాకా ఏలిందనే పుస్తకాల్లో రాసేవారు. నేనూ పిల్లలకు అదే చెప్పాను. ఒక సేవకుడు వేయించిన రాయి మా పాఠాన్ని దిద్దింది.

సూర్యాపేటలో పుట్టి పెరిగావు, చందుపట్ల చూడలేదు. నాకు కోపమేం లేదు, నేనూ ఉద్యోగం మానేసినంకే చూశాను. సంక్రాంతికి వస్తావుగా, నకిరేకల్ దాకా బస్సులో పోయి అక్కడ ఆటో మాట్లాడుకుందాం. పొద్దు వాలేటప్పుడు పోవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో రాతి మీది అక్షరాలు కనబడవు.

మీ చిన్నమ్మ