డేటా కదలకూడదు, వెర్షన్ మారాలి

2008 మార్చి 22 అర్ధరాత్రి దాటాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, శంషాబాద్‌లో మొదలయ్యాయి. కౌంటర్లు, సిబ్బంది, సర్వీసులు అన్నీ ఒక్క రాత్రిలో నగరం నడిబొడ్డు నుంచి దక్షిణ శివారుకు వచ్చేశాయి. ఆ తర్వాతి కథ వేరు. ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టిన టెర్మినల్‌ను 3.4 కోట్ల మందికి సరిపడేలా పెంచడానికి విమానాలను ఆపలేదు. ఓ పక్క గోడలు లేస్తుంటే మరో పక్క చెక్-ఇన్ సాగుతూనే ఉంది.

డేటాబేస్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడానికీ ఇలాంటి దారులే ఉన్నాయి. డేటా మొత్తాన్ని పాత సర్వర్ నుంచి ఫైళ్లలోకి దించి, కొత్తదానిలోకి మళ్లీ ఎక్కించడం మొదటిది. ఇందులో ప్రతి వరుసా మళ్లీ రాయాలి, ప్రతి ఇండెక్సూ మళ్లీ కట్టాలి. డేటా కొద్దిగా ఉంటే ఇబ్బంది లేదు. టెరాబైట్లలో ఉంటే గంటల తరబడి వ్యాపారం ఆగిపోతుంది. డేటాను ఉన్నచోటే ఉంచి వెర్షన్ మార్చేది రెండో దారి. దీన్నే ఇన్-ప్లేస్ అప్‌గ్రేడ్ అంటారు. బాగా తెలిసినవాళ్లు తక్కువగా ఉండే పని ఇది.

శంషాబాద్ చుట్టుపక్కల విద్యార్థులకు ఈ రంగం దూరమేమీ కాదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో మూడు అవైలబిలిటీ జోన్లతో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. విమానాశ్రయానికి పడమరన, షాబాద్ మండలం చందనవెల్లిలో డేటా సెంటర్లు లేచాయి. అయితే ఒక మాట. ఆ భవనాల లోపల ఉద్యోగాలు పరిమితంగానే ఉంటాయి. వాటిలో నడిచే డేటాబేస్‌లను ఎక్కడి నుంచైనా చూసుకునే కొలువుల వైపే అభ్యర్థులు దృష్టి పెట్టాలి.

సాధనకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మంచి బడి. అది ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి పీజీ-అప్‌గ్రేడ్ అనే సాధనం దానితోపాటే వస్తోంది. దాని కిటుకు తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. వెర్షన్ మారినప్పుడల్లా మారేది ప్రధానంగా సిస్టమ్ కేటలాగ్, అంటే ఏ టేబుల్ ఎక్కడుందో చెప్పే చిట్టా. అసలు డేటా ఉండే ఫైళ్ల రూపం చాలా అరుదుగా మారుతుంది. అందుకే ఈ సాధనం చిట్టాను కొత్తగా రాసి, డేటా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కొత్త సర్వర్‌కు అప్పగిస్తుంది. లింక్ పద్ధతి ఎంచుకుంటే కాపీ కూడా చేయదు, అదే ఫైలుకు రెండో పేరు పెడుతుంది. టెరాబైట్ల డేటా కూడా నిమిషాల్లో కొత్త వెర్షన్ కిందికి వచ్చేస్తుంది. దీనికో వెల ఉంది. కొత్త సర్వర్ ఒక్కసారి ఆ ఫైళ్లతో మొదలైందంటే, పాతదాన్ని మళ్లీ నడపడం క్షేమం కాదు.

ఇంట్లో చేయాల్సిన అభ్యాసం ఇది. రెండు వెర్షన్లను పక్కపక్కనే పెట్టుకోవాలి. పరీక్ష డేటా నింపే పీజీబెంచ్ సాధనాన్ని పాతదానిలో 100 స్కేల్‌తో ఇనిషియలైజ్ చేస్తే ఒక టేబుల్‌లో కోటి వరుసలు పడతాయి. ముందు పీజీ-అప్‌గ్రేడ్‌ను 'చెక్' ఆప్షన్‌తో నడపాలి. పాత సర్వర్ పనిచేస్తుండగానే చేయొచ్చు, డేటాను ముట్టుకోదు. పాత సర్వర్‌లో ఉన్న ఏదైనా ఎక్స్‌టెన్షన్ కొత్తదానిలో లేకపోతే అక్కడే ఆగి, లేనివాటి జాబితాను ఓ ఫైల్లో రాసిపెడుతుంది. ఆ ఫైలు తెరిచి, ఒక్కొక్కటీ సరిచేసి, మళ్లీ చెక్ నడిపి, 'క్లస్టర్స్ ఆర్ కంపాటిబుల్' అన్న వరుస కనిపించేదాకా పోరాడినవారికి ఏ పుస్తకమూ చెప్పని ధైర్యం వస్తుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక వెబ్‌సైట్ నత్తనడక నడవడం మరో పాఠం. 17 వరకు ఉన్న వెర్షన్లలో క్వెరీ ప్లానర్‌కు కావాల్సిన గణాంకాలు కొత్త సర్వర్‌కు రావు. వాటిని మళ్లీ సేకరించే అనలైజ్ ఆదేశాన్ని వెంటనే నడపాలి. 2025 సెప్టెంబరులో వచ్చిన 18వ వెర్షన్‌కు మారేటప్పుడు వాటిలో ఎక్కువ భాగం వెంట వస్తాయి. ఈ తేడా చెప్పగలిగిన అభ్యర్థి చేతులతో పని చేశాడని ఇంటర్వ్యూ చేసేవారికి ఇట్టే తెలుస్తుంది.

అంతకన్నా బరువైన ప్రశ్న ఇంకోటి ఉంది: తేడా వస్తే వెనక్కి ఎలా వస్తావు? 2024 జులై 19న శంషాబాద్‌లో ప్రయాణికుల చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. ఆ రోజు ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అది డేటాబేస్ అప్‌గ్రేడ్ కాదు గానీ, అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపిన మార్పు తేడా కొడితే ఏమవుతుందో కళ్లకు కట్టింది. మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లోనూ 5.7 నుంచి 8.0కు వెళ్లాక వెనక్కి దిగే వీలు లేదు. ముందు తీసిన బ్యాకప్పే దిక్కు. ఆ బ్యాకప్‌ను ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూడకపోతే అది ఉన్నా లేనట్టే.

బీటెక్, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవారెవరైనా ఈ దారి పట్టొచ్చు. లైనక్స్, ఎస్‌క్యూఎల్ గట్టిగా రావాలి. రెజ్యూమెలో సర్టిఫికెట్ల వరుస కన్నా, తాను చేసిన ఒక అప్‌గ్రేడ్ వివరాలు ఎక్కువ బరువు తూగుతాయి: ఎంత డేటా, ఎంతసేపు ఆగింది, ఏ లోపం బయటపడింది, ఎలా సరిచేశారు.

పని దొరుకుతుందా అన్న అనుమానం ఉన్నవారు క్యాలెండర్ చూసుకుంటే చాలు. పోస్ట్‌గ్రెస్ ప్రతి మేజర్ వెర్షన్‌కూ మద్దతు ఐదేళ్లే. 14వ వెర్షన్‌కు ఆ గడువు 2026 నవంబరు.