ప్రశ్నలు – జవాబులు: బిడ్డల మనోవర్తికి వకీలు

ప్రశ్న: నాకు ఆరేండ్ల కుమార్తె యున్నది. నా భర్త హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి. రెండేండ్లుగా పైసా పంపుట లేదు. పుట్టింటివారే మమ్ము పోషించుచున్నారు. మనోవర్తికై ఒక వకీలుగారిని కలియగా, నాలుగైదు కేసులు ఒక్కసారిగా వేయవలెననియు, వచ్చిన సొమ్ములో నాలుగవవంతు తమకీయవలెననియు చెప్పినారు. మంచి వకీలును తెలిసికొనుట ఎట్లు?
— ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: సోదరీ, వచ్చిన సొమ్ములో వాటా కోరిన ఆ వకీలును మీరు వెంటనే విడువుడు. కేసు ఫలితమును బట్టి ఫీజును గాని, రాబడిలో భాగమును గాని న్యాయవాది ఒడంబడుకొనరాదని బార్ కౌన్సిల్ నియమములు నిషేధించుచున్నవి. అంతకుమించి, ఆ ధనము మీ బిడ్డ అన్నమునకును, చదువునకును, మందులకును ఉద్దేశింపబడినదగుటచే, దానిని పంచుకొనుటకు అంగీకరించు అధికారము తల్లియైన మీకు సైతము లేదని నా దృఢాభిప్రాయము.

మనోవర్తి వ్యవహారమున సమర్థుడైన వకీలు వాగ్ధాటిచే గాక, అడుగు ప్రశ్నలచే తెలియవచ్చును. మీ కథను ఓపికతో విని, పిమ్మట భర్త ఏ కంపెనీలో పనిచేయుచున్నాడు, జీతము ఏ బ్యాంకులో పడుచున్నది, పొలము గాని ఇల్లు గాని యున్నదా, బిడ్డ బడి ఫీజెంత, నెలకు ఆమెకగు వ్యయమెంత యని విచారించి, వానికి తగిన కాగితములు తెమ్మనువాడే ఈ పనికి తగినవాడు. ఏలయనగా, 2020 నవంబరు 4వ తేదీన రజనీశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు, ఉభయపక్షములును తమ ఆదాయమును, ఆస్తులను, అప్పులను వివరించు ప్రమాణపత్రములు దాఖలు చేయవలెనని శాసించినది. ఆ ప్రమాణపత్రమును శ్రద్ధతో సిద్ధపరచి, ఎదుటివాని ప్రమాణపత్రములోని లోపములను పట్టగల వకీలు చేతిలోనే మీ బిడ్డకు రాబోవు మొత్తము నిర్ణయమగును.

ఆ తీర్పే మనోవర్తి దరఖాస్తు పెట్టిన నాటినుండి చెల్లవలెననియు చెప్పినది. అనగా దరఖాస్తుకు పూర్వము గడచిన మాసములకు ఈ మార్గమున సొమ్ము రాదు. మీ రెండేండ్లును అట్లే పోయినవి. కావున మిమ్ము నెలల తరబడి త్రిప్పుకొను వకీలు ఎంత ప్రసిద్ధుడైనను మీకు పనికిరాడు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను, అనగా 2024 జూలై 1కి పూర్వము 125వ సెక్షనుగా మనమెరిగిన ఆ విధి, క్రింద మధ్యంతర మనోవర్తి దరఖాస్తును, నోటీసు అందిన నాటినుండి సాధ్యమైనంతవరకు 60 దినములలో పరిష్కరింపవలెను. "మధ్యంతర దరఖాస్తు ఎప్పుడు వేయుదురు?" అని మొదటనే అడుగుడు. భార్య నివసించు జిల్లాలోనే ఈ వ్యాజ్యము నడుపవచ్చును గనుక, హైదరాబాదు ప్రయాణములు తప్పవని చెప్పువాని మాట నమ్మవలదు. మీరు హింసకు గురియై యున్నచో రక్షణకై వేరు వ్యాజ్యము వేయుట న్యాయమే. కాని బిడ్డ భుక్తిని ఆ వ్యాజ్యముల వెనుక నిలుపరాదు.

ఇక వెదకుట. న్యాయవాదులు తమ్ము తాము ప్రకటించుకొనరాదు గనుక, ఒకటి రెండు దినములు కోర్టు వరండాలో కూర్చుండి, వాయిదాకు స్వయముగ వచ్చువారెవరో, గుమాస్తానో జూనియరునో పంపి గడువు కోరువారెవరో గమనింపుడు. మనోవర్తి పొందిన స్త్రీలను పలుకరింపుడు. ఫీజు ఎంతయో వ్రాతమూలకముగ పొంది, చెల్లించిన ప్రతి పైకమునకు రసీదు తీసికొనుడు.

ఫీజుకు శక్తి లేనిచో సంకోచింపవలదు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును బిడ్డలకును, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము లభించును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయమునకు పోవచ్చును. అది దయాధర్మము కాదు, హక్కు.

ప్రశ్న: నా మనుమనికి కోర్టు మనోవర్తి నిర్ణయించి ఏడాది దాటినది. అల్లుడు పది నెలలుగా చెల్లించుట లేదు. మా వకీలు వేచియుండుడనుచున్నారు. వకీలును మార్చుదమన్న, ఫీజు బాకీ తీర్చనిదే కాగితములీయనన్నారు.
— ఒక తండ్రి, వరంగల్లు

జవాబు: అయ్యా, వేచియుండుట ఈ దశలో మిక్కిలి ప్రమాదకరము. చెల్లవలసిన తేదీనుండి ఒక సంవత్సరములోపల దరఖాస్తు పెట్టనిచో, ఆ నెల బాకీకి వారంటు పుట్టదు. ప్రతి నెల బాకీకిని ఒక నెలవరకు కారాగారశిక్ష విధింపవచ్చును; అయినను శిక్ష అనుభవించినంతమాత్రమున బాకీ తీరదని 1988లోనే సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఫీజు రాలేదను నెపముతో కేసు కట్టను ఆపుకొను హక్కు వకీలుకు లేదని 2000 సంవత్సరమున అదే న్యాయస్థానము తేల్చినది. ఉత్తరువు ధ్రువీకృత ప్రతిని కోర్టునుండి నేరుగా పొంది, మరియొక వకీలుకు వకాలతు ఇచ్చి, మీ అమ్మాయి చేత ఈ వారములోనే బాకీ దరఖాస్తు వేయింపుడు.