దీపం ‘వెంట్ అవుట్’ - ఎక్కడికి వెళ్లింది?

పిల్లలూ! ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం ఇస్తాను, తెలుగులో చెప్పండి: ‘ద ల్యాంప్ వెంట్ అవుట్’. ‘వెంట్’ అంటే వెళ్లింది, ‘అవుట్’ అంటే బయటికి. అయితే దీపం బయటికి వెళ్లిందా? కాళ్లు లేని దీపం ఎక్కడికి వెళుతుంది! ఈ వాక్యానికి అర్థం ‘దీపం ఆరిపోయింది’ అని.

ఇంకొకటి చూడండి: ‘ద అలారమ్ వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్’. స్విచ్చి మీద ‘ఆఫ్’ అనే మాట చూసిన అలవాటుతో చాలామంది ‘అయిదింటికి అలారం ఆగిపోయింది’ అని రాస్తారు. అసలు అర్థం ‘అయిదింటికి అలారం మోగింది’ అని. అంటే పూర్తిగా వ్యతిరేకం! అగ్నిప్రమాదాన్ని తెలిపే అలారం ‘వెంట్ ఆఫ్’ అని ఎవరైనా అన్నప్పుడు, ఆగిపోయిందిలే అని నింపాదిగా కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇక్కడ పోయేది మార్కులు మాత్రమే కాదు.

ఇలా ఒక క్రియకు ‘అప్’, ‘అవుట్’, ‘ఆఫ్’, ‘డౌన్’ వంటి చిన్న మాట చేరి కొత్త అర్థం ఇస్తే దానిని ఇంగ్లీషులో ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. మనం పదబంధ క్రియ అనుకుందాం. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ప్రచురించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అనే పుస్తకం వల్ల ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. పేరు కొత్తదైనా చిక్కు పాతదే. 1755లో గొప్ప ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, పరదేశీయులను ఎక్కువగా ఇబ్బందిపెట్టేవి ఇలాంటి జంటలేనని తన ముందుమాటలోనే రాశాడు. కాబట్టి ఇవి కష్టంగా తోస్తే దిగులుపడకండి.

మిశ్రమమా? సమ్మేళనమా?

ఇనుప రజను, గంధకం పొడి కలిపితే మిశ్రమం వస్తుంది. అయస్కాంతం పెడితే ఇనుము విడిగా వచ్చేస్తుంది. అంటే దేని గుణం దానికే ఉంది. అదే మిశ్రమాన్ని వేడిచేస్తే ఐరన్ సల్ఫైడ్ అనే సమ్మేళనం ఏర్పడుతుంది. అందులో ఇనుమూ ఉంది, గంధకమూ ఉంది. కాని ఆ రెండింటి గుణాలూ కనిపించవు. అయస్కాంతానికి అది అంటుకోదు.

మాటల జంటలూ అంతే. ‘రమ వెంట్ అవుట్’ అంటే రమ బయటికి వెళ్లింది. ఇది మిశ్రమం. రెండు మాటల అర్థాలూ విడివిడిగా నిలిచే ఉన్నాయి. ‘ద ల్యాంప్ వెంట్ అవుట్’ సమ్మేళనం. విడదీస్తే అర్థం దొరకదు. కాబట్టి క్రియ పక్కన చిన్న మాట కనిపించగానే ‘ఇది మిశ్రమమా, సమ్మేళనమా?’ అని ప్రశ్నించుకోండి. ఏది కర్తగా ఉందో కూడా చూడండి. ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే దీపాలు ఆరాయి. ‘ద బాంబ్ వెంట్ ఆఫ్’ అంటే బాంబు పేలింది. ‘ద మిల్క్ వెంట్ ఆఫ్’ అంటే పాలు పాడయ్యాయి. జంట ఒకటే, అర్థాలు మూడు!

కాలం తలకా, తోకకా?

మన భాషలోనూ ఇలాంటివి ఉన్నాయి. ‘కోర్టు కేసు కొట్టివేసింది’ అంటాము. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, దేనినీ వేయలేదు. ఇప్పుడు కాలం మార్చి చూడండి: కొట్టివేసింది, కొట్టివేస్తుంది, కొట్టివేయలేదు. ‘కొట్టి’ అనే తల కదలలేదు. మార్పంతా తోకలోనే జరిగింది.

ఇంగ్లీషులో దీనికి సరిగ్గా తలకిందులు. కాలం తలకు, అంటే క్రియకు తగులుతుంది. తోక ఎన్నడూ మారదు. ‘బ్రేక్ డౌన్’ భూతకాలంలో ‘బ్రోక్ డౌన్’, ‘గివ్ అప్’ ‘గేవ్ అప్’, ‘టేక్ ఆఫ్’ ‘టుక్ ఆఫ్’ అవుతాయి. మామూలు క్రియ అయితే తలకే ‘డ్’ చేర్చాలి. కొన్ని నిత్యవ్యవహార వాక్యాలు గమనించండి.

‘ద బస్ బ్రోక్ డౌన్ నియర్ ద బ్రిడ్జ్’ - వంతెన దగ్గర బస్సు చెడిపోయింది.
‘ద మిల్క్ బాయిల్డ్ ఓవర్’ - పాలు పొంగిపోయాయి.
‘వియ్ రాన్ అవుట్ ఆఫ్ సాల్ట్’ - మా ఇంట్లో ఉప్పు అయిపోయింది.
‘మై అంకుల్ గేవ్ అప్ స్మోకింగ్’ - మా మామయ్య పొగతాగడం మానేశాడు.
‘చంద్రయాన్-3 టచ్‌డ్ డౌన్ ఆన్ ద మూన్ ఇన్ 2023’ - 2023లో చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది.

‘పుట్’, ‘కట్’, ‘సెట్’ అనే క్రియలు భూతకాలంలోనూ మారవు. ‘దే పుట్ ఆఫ్ ద మ్యాచ్ యెస్టర్‌డే’ అంటే నిన్న ఆట వాయిదా వేశారు. ఇలాంటిచోట కాలాన్ని ‘యెస్టర్‌డే’ వంటి మాటను బట్టి తెలుసుకోవాలి. ‘పుట్ అవుట్ ద ఫైర్’ అంటే మాత్రం మంట ఆర్పడం. వాయిదాకు ‘ఆఫ్’, మంటకు ‘అవుట్’. ఈ రెండూ తారుమారైతే, అగ్నిమాపక దళం వారు మంటను రేపటికి వాయిదా వేసినట్లవుతుంది!

‘డిడ్’ వస్తే?

ప్రశ్న వేసేటప్పుడు, కాదని చెప్పేటప్పుడు ‘డిడ్’ వస్తుంది. భూతకాలం బరువును ‘డిడ్’ ఒక్కటే మోస్తుంది. అసలు క్రియ మూలరూపానికి తిరిగివస్తుంది. ‘డిడ్ ద ల్యాంప్ గో అవుట్?’ అనాలి. ‘డిడ్ ద ల్యాంప్ వెంట్ అవుట్?’ అంటే తప్పు. అలాగే ‘ద బస్ డిడ్ నాట్ బ్రేక్ డౌన్’ అనాలి.

కర్మ ఎక్కడ కూర్చుంటుంది?

‘ఐ స్విచ్‌డ్ ఆఫ్ ద ఫ్యాన్’ అనవచ్చు, ‘ఐ స్విచ్‌డ్ ద ఫ్యాన్ ఆఫ్’ అనీ అనవచ్చు. కాని ‘ఫ్యాన్’ బదులు ‘ఇట్’ అనే సర్వనామం వస్తే అది మధ్యలోనే ఉండాలి: ‘ఐ స్విచ్‌డ్ ఇట్ ఆఫ్’. అన్ని జంటలూ ఇలా విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే సంరక్షించు. ‘షి లుక్‌డ్ ఆఫ్టర్ హిమ్’ అనాలే గాని ‘హిమ్’ను మధ్యలో పెట్టకూడదు. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో వాడుక వల్లనే తెలుస్తుంది. కాబట్టి కొత్త జంటను ఎప్పుడూ ఒక పూర్తి వాక్యంతో కలిపి నేర్చుకోండి.

ప్రయోగం రికార్డులో

సైన్సు రికార్డులో చేసిన పనిని భూతకాలంలోనే రాస్తాము. జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తే హైడ్రోజన్ వెలువడుతుంది. దానిని ‘హైడ్రోజన్ వాజ్ గివెన్ ఆఫ్’ అని రాయాలి. ఇది కర్మణి వాక్యం కాబట్టి ‘గేవ్’ కాక ‘గివెన్’ వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న జాడీలో మండే పుల్ల పెడితే ‘ద స్ప్లింట్ వెంట్ అవుట్’. నీలి మైలుతుత్తం స్ఫటికాలను వేడిచేస్తే నీరు పోయి తెల్లని పొడి మిగులుతుంది: ‘ద వాటర్ వాజ్ డ్రివెన్ ఆఫ్’. చూశారా, మూడు ప్రయోగాలకు మూడు జంటలు!

చెవికి ఒక మాట

వేగంగా మాట్లాడేటప్పుడు క్రియ చివరి ధ్వని చిన్న మాటతో కలిసిపోతుంది. ‘పిక్‌డ్ అప్’ అన్నది ‘పిక్టప్’ అనీ, ‘టర్న్‌డ్ ఆఫ్’ అన్నది ‘టర్న్‌డాఫ్’ అనీ వినిపిస్తాయి. రేడియోలో వార్తలు వినేటప్పుడు ఈ కలయికను పట్టుకోండి. భూతకాలం గుర్తు అక్కడే దాగి ఉంటుంది.

మీరే చేయండి

1. ‘రవి గెట్స్ అప్ ఎట్ సిక్స్’ - భూతకాలంలోకి మార్చండి.
2. ‘డిడ్ యు గేవ్ అప్?’ - తప్పు దిద్దండి.
3. ‘షి పుట్ అవుట్ ద క్యాండిల్’ - ‘క్యాండిల్’ బదులు ‘ఇట్’ పెట్టి రాయండి.
4. ‘ద ఫైర్ అలారమ్ వెంట్ ఆఫ్’ - అర్థం చెప్పండి. అప్పుడు మీరేం చేస్తారు?

జవాబులు: 1. రవి గాట్ అప్ ఎట్ సిక్స్. 2. డిడ్ యు గివ్ అప్? 3. షి పుట్ ఇట్ అవుట్. 4. అగ్నిప్రమాదాన్ని తెలిపే అలారం మోగింది. తోసుకోకుండా, వరుసగా, వెంటనే బయటికి నడవాలి.