ఒకే వ్యాధి – వేర్వేరు ఫలితములు

నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లి పసుపు పంటకు పేరు పొందిన ప్రాంతము. అచ్చట పసుపు పరిశోధనా కేంద్రము కూడ కలదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించినపుడు తెలుగునాట అనేకులు పసుపు కలిపిన పాలు త్రాగిరి. పసుపు మేలైన వస్తువే. కాని అది ఆ వ్యాధిని ఆపునని వైద్యశాస్త్రము ఋజువు చేయలేదు. పాలు త్రాగినవారిలోనే కొందరు నాలుగు దినములలో లేచి తిరిగిరి. కొందరు ఆసుపత్రికి పోయి మరల ఇల్లు చేరలేదు. ఈ భేదమునకు కారణమేమి?

అట్టి పల్లెలోని ఒక ఇంటిని ఊహింపుడు. ఎనిమిదవ తరగతి చదువు బాలునికి జలుబు చేసి తగ్గినది. తండ్రి పది దినములు మంచము పట్టి లేచినాడు. మధుమేహముగల నాయనమ్మకు మాత్రము ఊపిరి అందకుండెను. మువ్వురికిని సోకిన వైరసు ఒక్కటే, శరీరములు వేరు.

వైరసు ముక్కు, గొంతులనుండి ఊపిరితిత్తులలోని గాలితిత్తులను చేరును. యౌవనమున శరీరరక్షకములైన కణములు దానిని వెంటనే గుర్తించి ఎదుర్కొనును. వార్ధక్యమున ఈ రక్షణ మందగించును. శత్రువు కోటలో ప్రవేశించిన పిమ్మట మేల్కొన్న సైన్యమువలె అది ఆలస్యముగను, విచక్షణ లేకయు విజృంభించును. అపుడు ఊపిరితిత్తులు వాచి నీరు చేరును. ప్రాణవాయువు రక్తమున చేరదు.

2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రముల రోగుల వివరములను శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ యేడే ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. వ్యాధి నిర్ధారణయైన 5 మొదలు 17 ఏండ్లవారిలో పదివేలమందికి సుమారు ఐదుగురు మరణించిరి. 85 ఏండ్లు దాటినవారిలోనో, నూటికి 16 మందికి పైగా మరణించిరి. మృతులలో నూటికి 63 మందికి ముందే ఏదో ఒక దీర్ఘవ్యాధి యుండెను. 45 మందికి మధుమేహము, 36 మందికి రక్తపుపోటు.

మధుమేహము నొప్పి యెరుగని వ్యాధి. అందుచేతనే అది తమకున్నదని అనేకులకు తెలియదు. రక్తమున చక్కెర మితిమీరినచో తెల్లకణముల శక్తి తగ్గును, రక్తనాళములు చెడును. కరోనా చికిత్సలో వాడిన స్టెరాయిడు మందులు ఆ చక్కెరను మరింత పెంచును. 2021లో బ్లాక్ ఫంగస్ అను బూజువ్యాధి మధుమేహులనే ఎక్కువగా పట్టుటకు ఇదియు ఒక కారణము.

హృద్రోగము, మూత్రపిండముల వ్యాధి, స్థూలకాయము, గర్భధారణ కూడ ప్రమాదమును పెంచునవే. పొగ త్రాగుటయు అట్టిదే. ఈ జిల్లాలో అనేక కుటుంబములకు బీడీలు చుట్టుట జీవనాధారము; కావున ఇచ్చట ఈ మాట చెప్పుట సులభము కాదు. అయినను పొగచే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు తట్టుకొను శక్తి తక్కువ యగుట నిజము.

ఈ కారణములను బట్టియే టీకాల వరుస నిర్ణయింపబడెను. 2021 జనవరి 16న మొదట వైద్యసిబ్బందికి టీకాలు ప్రారంభించిరి. మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 ఏండ్లు నిండి దీర్ఘవ్యాధులు కలవారికిని వేసిరి.

ఒక విచిత్రము కలదు. కొందరు రోగులకు ప్రాణవాయువు తగ్గినను ఆయాసము తోపదు. “నాకేమియు లేదు” అని నాయనమ్మ యనుచుండగనే వ్రేలికి తగిలించిన చిన్న ఆక్సీమీటరు 90 చూపవచ్చును. అంకె 94 కంటె తగ్గినచో ఆమె మాట వినక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.